బెజ్జము గల తొట్టియా, లేని తొట్టియా?

అనంతపురము జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దునకు సమీపమున, కుందుర్పి యున్నది. తూర్పునకు పోయినను, పడమరకు పోయినను, సముద్రము అచ్చటికి 250 కిలోమీటర్లకు తక్కువ దూరము కాదు. జిల్లాలో ఏటికి సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. అదియు అన్ని యేండ్లును కురియదు. అట్టి యూరిలో మా మిత్రులొకరు ఇంటి నడవలో గాజుతొట్టి పెట్టి, ఉప్పునీరు కలిపి, సముద్రపు చేపలను పెంచసాగిరి. రెండు నెలలు బాగుగనే జరిగినది. ఒకనాటి రాత్రి మాత్రము తొట్టి పొంగి నడవ యంతయు తడిసినది. "ఈ తొట్టి తీసివేసి, బెజ్జములు వేసిన తొట్టి తెచ్చుకొనవలెనా? లేక దీనితోనే సరిపెట్టుకొనవచ్చునా?" అని వారు మమ్ము అడిగిరి.

అట్టి యూర సముద్రపు చేపలేల యని మొదట మాకు నవ్వు వచ్చినది. పోయి చూచిన తరువాత నవ్వు పోయినది. ఈ ప్రశ్నకు విశాఖపట్నమున ఒక సమాధానము, కుందుర్పిలో వేరొక సమాధానము చెప్పవలసియున్నది. కారణమేమో చెప్పుటయే మా యుద్దేశము.

మామూలు తొట్టి యనగా అయిదు గాజు పలకలను సిలికాన్ జిగురుతో అతికించిన పెట్టె. దానికి ఎచ్చటను రంధ్ర ముండదు. రెండవదానికి వెనుక పలకలోగాని అడుగు పలకలోగాని బెజ్జములు వేసి గొట్టములు బిగింతురు. పై తొట్టిలో మించిన నీరు ఆ గొట్టముల ద్వారా తనంతట తాను క్రింది తొట్టిలోనికి దిగును. ఈ క్రింది తొట్టికి పెంపకందార్లు సంప్ అని పేరు పెట్టిరి; పట్టణములలో నేలక్రింద కట్టుకొను నీటి సంపునకు ఉన్న పేరే. అచ్చట నీరు శుభ్రపడును. ఒక చిన్న మోటారు దానిని మరల పైకి పంపును.

మంచినీటి చేపలకు ఇంత యేర్పాటు అక్కరలేదు. సముద్రజీవుల సంగతి వేరు. మిగిలిన మేతనుండియు, చేపల విసర్జనమునుండియు పుట్టిన జిడ్డు నీటిపై సన్నని పొరగా తేలును. ఆ పొర నీటికిని గాలికిని నడుమ అడ్డుపడును. తొట్టి అంచునకు తగిలించు మామూలు వడపోత యంత్రము నీటిని లోపలినుండి పీల్చునే గాని, ఈ పైపొరను అంతగా తీయజాలదు. నీరు అంచుమీదుగా పొర్లిపోవు పద్ధతిలో మొదట పోవునది ఆ జిడ్డే. దానిని నురుగుగా మార్చి వేరుచేయు స్కిమ్మరు అను పరికరమును సంప్‌లో దాచవచ్చును. నీరు ఎంత ఆవిరియైనను పై తొట్టిలో మట్టము తగ్గదు. తగ్గుట సంప్‌లోనే కనబడును. ఇవన్నియు పెంపకందార్లకు తెలిసిన సంగతులే.

మేము ఈ విషయమును వివరించుచుండగా, అరుగుమీద కూర్చున్న ఒక వృద్ధ రైతు, "చెరువుకు మరువ లేకుంటే కట్ట నిలుస్తుందా సామీ?" అనెను. అంతకంటె బాగుగ మేము చెప్పలేము. రాయలసీమలో చెరువుకట్టకు రెండు దారులుండును. కట్ట అడుగున నీటిని వదలుటకు తూము. చెరువు నిండినప్పుడు అదనపు నీరు పొర్లిపోవుటకు మరువ. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369లో వేయించిన శాసనమున చెరువునకు ఉండవలసిన అంగములను, ఉండరాని ఆరు దోషములను చెప్పియున్నారు. కట్టనుండి నీరు ఊరుట ఆ దోషములలో ఒకటి. చవుడు నేల మరియొకటి. రెండు రాజ్యముల పొలిమేరయందుండుట ఇంకొకటి! ఆ లెక్కన ఉప్పునీటితో, రాష్ట్రపు సరిహద్దున, కారుచున్న గొట్టముతో మా మిత్రులు మూడింటిని ఒక్కసారే సాధించిరి.

బెజ్జము లేని తొట్టికి కూడ సంప్ పెట్టుకొనవచ్చును. మిత్రులు పెట్టుకొన్నది అట్లే. తొట్టి అంచునకు తగిలించు పెట్టె యొకటి అంగళ్ళలో దొరకును. తలక్రిందులుగా నిలిపిన లాడమువంటి గొట్టము నీటిని గాజుగోడ దాటించి ఆ పెట్టెలోనికి దింపును. దీనినే సైఫన్ అందురు. గొట్టమునిండ నీరున్నంత సేపు ఇది చక్కగా పనిచేయును. పెట్టె కొలతలు సరిగా నున్నచో, కరెంటు పోయినను గొట్టపు రెండు కొనలును నీటిలోనే మునిగియుండును గనుక, కరెంటు రాగానే ప్రవాహము మరల సాగును. చిక్కంతయు గొట్టము వంపులోనున్నది. నీటిలోని చిన్న చిన్న గాలిబుడగలు ఆ వంపునకు చేరి, ఒకటితో నొకటి కలిసి, ఒకనాటికి ధారను తెంచివేయును. దిగు దారి మూతపడినను మోటారు మాత్రము నీటిని పైకి పంపుచునే యుండును.

ఆ రాత్రి జరిగినది లెక్కవేసి చూచితిమి. తొట్టి పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 45, ఎత్తు 50. అనగా నిండుగ 270 లీటర్లు. అందులో ఒక సెంటీమీటరు మందము నీరు 5.4 లీటర్లు. నీటిమట్టమునకు పైన 3 సెంటీమీటర్ల ఖాళీ యుండెను. అందులో 16 లీటర్లు పట్టును. సంప్‌లో మోటారున్న గదిలో 40 లీటర్ల నీరుండెను. సైఫన్ తెగినది. 40 లీటర్లును పైకి వచ్చినవి. 16 తొట్టిలో ఇమిడినవి. మిగిలిన 24 నేలపాలైనవి. ఊరిలో మంచినీళ్ళ క్యాను 20 లీటర్లది. ఒక క్యానుకు మించిన నీరు, ఉప్పుతో సహా, బండలమీద పారినది. నీరు తరిగిన మోటారు తెల్లవారువరకు ఎండి తిరిగి కాలిపోయినది.

దీనికి మందు లేకపోలేదు. మోటారు గదిని చిన్నది చేసి, అందులో 16 లీటర్లకు మించి నీరు లేకుండ చూచుకొన్నచో, సైఫన్ తెగినను తొట్టి పొంగదు. తడిగాలి వీచు సముద్రతీరపు ఊళ్ళలో ఈ యుపాయము చెల్లవచ్చును. కుందుర్పిలో చెల్లదు. పొడిగాలికి దినమునకు అర సెంటీమీటరు నీరు ఆవిరి యగుననుకొన్నను, పై తొట్టి ఒక్కదానినుండియే 2.7 లీటర్లు పోవును. వేసవిలో నీటిని చల్లబరచుటకు ఫ్యాను పెట్టినచో ఇంకను ఎక్కువ పోవును. పెట్టకయు తీరదు, ఏలనన ఈ జీవులకు 24 మొదలు 27 డిగ్రీల వేడిమి కావలెను, బయట 40 దాటుచుండును. ఆవిరియైనంత నీరును గదిలోనుండియే తగ్గును గనుక, 16 లీటర్ల గది ఆరు దినములలో, వేసవిలో మూడు దినములలో, ఎండిపోవును. ఇంటిల్లిపాదియు పెండ్లికి పోయి నాలుగు దినములు నిలిచినచో ఏమగును? పొంగకుండుటకు గది చిన్నది కావలెను. ఎండకుండుటకు పెద్దది కావలెను. సైఫన్ ఉన్నంతవరకు ఈ రెండును పొసగవు. బెజ్జము గల తొట్టికి ఈ పేచీ లేదు. మరువ తెగిపోవునది కాదు గనుక గదిని 40 లీటర్లకైనను 60 లీటర్లకైనను కట్టుకొనవచ్చును.

ఆవిరి సంగతి వచ్చినది గనుక ఒక మాట. పోవునది నీరే, ఉప్పు నిలిచిపోవును. సముద్రపు నీటిలో కిలోకు ఇంచుమించు 35 గ్రాముల లవణములుండును. 270 లీటర్లలో 27 లీటర్లు ఆవిరియై పోయినచో ఆ 35 కాస్తా 39కి చేరువగును. కాబట్టి తగ్గిన నీటికి బదులు మంచినీరే పోయవలెను. ఉప్పునీరు పోయుట క్రొత్తవారు చేయు తప్పు.

బెజ్జము గల తొట్టికిని కరెంటు పోయినప్పుడు ఒక గండమున్నది. నీటిని పైకి పంపు గొట్టము మూతి నీటిలో 5 సెంటీమీటర్ల లోతున నుండెననుకొందము. మోటారు ఆగగానే అదే గొట్టము వెనుకకు పనిచేసి, మూతికి గాలి తగులువరకు నీటిని క్రిందికి లాగును. అది 27 లీటర్లు. సంప్‌లో అంత ఖాళీ లేనిచో ఈసారి పొంగునది సంప్. మూతిని నీటిమట్టమునకు దగ్గరగా నుంచి, గొట్టములో మట్టమునకు కొంచెము క్రిందుగా ఒక చిన్న చిల్లి పొడిచినచో, గాలి అందుండి చొరబడి ధారను ఆపును. వెనుకకు పోనీయని వాల్వును నమ్ముకొనుట మాకిష్టము లేదు. సున్నపు పేరుకొని అది ఒకనాడు మూసికొనదు.

బెజ్జమును ఎచ్చట వేయించవలెను? అడుగున వేసినది తూమువంటిది; వెనుక పలకలో పైభాగమున వేసినది మరువవంటిది. అడుగు బిగింపు కారినచో, చుట్టును కట్టిన లోపలి గది అడ్డుకొన్ననే తప్ప, తొట్టి సాంతము ఖాళీయగును. పైబెజ్జము కారినచో నీరు ఆ బెజ్జము మట్టమువరకే దిగి ఆగును. మా యోటు పైబెజ్జమునకే. అవియు రెండుండవలెను: ఒకటి నిత్యపు వాడుకకు, ఒకటి మొదటిది పూడినప్పుడు ఆదుకొనుటకు. గంటకు తొట్టి నీటికి మూడు మొదలు అయిదు రెట్లు, అనగా 800 నుండి 1350 లీటర్లవరకు, సంప్ గుండా నడచిన చాలును. ఆ ప్రవాహమునంతను ఏ యొక్క గొట్టమైనను ఒంటరిగ మోయగలిగినదై యుండవలెను.

ఇక గాజు. వేడిచేసి గట్టిపరచిన గాజునకు, అంగళ్ళలో టఫెన్డ్ గ్లాసు అనుదానికి, బెజ్జము వేయరాదు. బరమా తగులగానే పలక యంతయు పలుకులై రాలును. అమెరికా వంటి దేశములలో కర్మాగారపు తొట్లకు అడుగు పలక తరచుగ ఇట్టిదగుటచేతనే అచ్చట ముందుగా బెజ్జము వేసిన తొట్టికి అంత గిరాకి. మన దేశమున గాజు కోయు అంగడిలో మామూలు గాజుతో కొలత చెప్పి తొట్టి చేయించుకొనుట వాడుక. కావున పలకలు అతికించుటకు ముందే బెజ్జములు వేయించినచో పెరుగు ఖర్చు స్వల్పము. వజ్రపు పొడి అద్దిన గుండ్రని బరమాతో, నీరు పోయుచు, ఒత్తిడి పెట్టక, నెమ్మదిగా వేయవలెను. బెజ్జపు అంచునకును పలక అంచునకును నడుమ కనీసము ఒక బెజ్జపు వెడల్పంత చోటు విడువవలెను. నీరు నింపిన పాత తొట్టికి బెజ్జము వేయింతునన్న మిత్రుల ఆలోచనను మేము మాన్పించితిమి. ఆ తొట్టి గాజు ఎట్టిదో అమ్మినవారికే తెలియదు.

రెండు మూడు చిన్న చేపలతో, సంప్ లేకుండ, తొట్టి పెట్టుకొనువారికి మామూలు తొట్టి చాలును. వారానికొకసారి కొంత నీరు మార్చుకొనుచు, ప్రతిదినము తగ్గిన నీరు పోయుచు నుండవలెను. సైఫన్ పెట్టెకు మాత్రము పోవలదు.

మిత్రులకు పగడములమీద ఆశ మెండు. మన సముద్రములలోని గట్టి పగడములను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి; తీసినను, అమ్మినను, కొన్నను నేరమే. నీటిగుర్రములకును అదే రక్ష. అంగడివాడు చెప్పు మాటను నమ్మరాదు. మండపములోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు క్లౌన్ చేపలను తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పెంచు పద్ధతిని సాధించియున్నారు. అట్లు తొట్టిలో పుట్టిన చేపలను అడిగి తెచ్చుకొనుట మేలు.

మేము బయలుదేరునప్పుడు మిత్రుల తల్లిగారు, "ఉప్పు కలిపేదానికి ఇన్ని మంచినీళ్లా నాయనా?" అని అడిగిరి. ఆమె బిందెతో నీరు మోసిన తరమువారు. మాకు వెంటనే మాట రాలేదు. బోరునీటిలో కాఠిన్యము, ఫ్లోరైడు ఉండుటచే దానిని నేరుగా వాడరాదు, ఆర్.ఓ. నీరే కావలెను, అనగా మొదట 14 క్యానులు. ఆ నీటిని తీయునప్పుడు ఇంకొక పాలు వ్యర్థముగా పోవును. తొట్టిని సగమునకు తగ్గింపుడని మేము మిత్రులకు సలహా యిచ్చితిమి. వారొప్పుకొనిరి: 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు, 144 లీటర్లు, వెనుక పలకలో రెండు బెజ్జములు. కారునో లేదో చూచుటకు పోసిన నీటిలోనే తరువాత ఉప్పు కలుపవలెనని, ఆ పరీక్షలో మోటారును పదిసార్లు ఆపి వేసి చూడవలెనని కూడ చెప్పితిమి.

పాతనీటిని తీసి పారబోయుట మిగిలియున్నది. రెండు వారములకొకసారి పదవ వంతు మార్చినను 14 లీటర్లు, అందులో అరకిలో ఉప్పు. తీరమున నైన సముద్రమున్నది. ఇచ్చట చెట్టు మొదటగాని, పొలముననైనగాని, బావి దాపునగాని పోయరాదు. చవుడు చేయుట సులభము, పోగొట్టుట కష్టము. మిద్దెమీద వెడల్పాటి పళ్ళెములో పోసి ఎండబెట్టి, మిగిలిన ఉప్పును సంచిలో కట్టి వేరుగా ఉంచవలెను. దానిని పశువులకు పెట్టరాదు.