నొప్పికి విజయ: ఆటలాడే పిల్లలున్న ఇండ్లవారికి

"విదేశాలలో పేరున్న ఆటగాళ్లే నొప్పులకు గంజాయి వాడుతున్నారట. మన ఆయుర్వేదంలో అదే విజయ అనే మందట. అయితే మా పిల్లవానికి ఇవ్వవచ్చునా?" అని ఈమధ్య కొందరు తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు.

మా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. మల్లయోధులు కోడి రామమూర్తినాయుడుగారు వీరఘట్టంలో జన్మించినారు. ఆమదాలవలసలో బరువులెత్తడం నేర్చిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యపతకం సాధించినారు. ఆమెను చూచి ఎన్ని ఇండ్లలో ఆడపిల్లలు ఇనుపకడ్డీ పట్టినారో! అట్టి ఇండ్లలో మోకాలినొప్పి, నడుమునొప్పి, భుజపు పోటు నిత్యం ఉండేవే.

విజయ మన శాస్త్రంలో ఉన్న మాట నిజమే. భంగ అని కూడ దానికి పేరు. కఫమును హరించునది, ఆహారమును పచనం చేయునది, మలమును బంధించునది, తీక్ష్ణము, ఉష్ణము, పిత్తకరము అని భావప్రకాశము చెప్పుచున్నది. మోహమును, మదమును కలిగించునని కూడ అక్కడనే ఉన్నది. ఆ భాగమును మాత్రం ఎవరూ నాతో ప్రస్తావించరు. జీర్ణం కాకమునుపే దేహమంతా వ్యాపించే ద్రవ్యమును వ్యవాయి అంటారు. శార్ఙ్గధరుడు దీనికి ఇచ్చిన ఉదాహరణలు రెండు: భంగ, నల్లమందు. ఇది ఎక్కువగా వాడబడినది గ్రహణి రోగమందు; జాతీఫలాది చూర్ణమే అందుకు సాక్షి. రసతరంగిణి దీనిని ఉపవిషములలో చేర్చినది. మా గురుకులంలో విజయాకును నీటిలో పచ్చదనం విడిచేవరకు కడిగి, ఎండబెట్టి, ఆవునేతితో సన్నని సెగపై వేయించేవారము. తూకం మాత్రం గురువుగారే వేసేవారు. శిష్యుల చేతికి త్రాసు ఇచ్చేవారు కారు.

ప్రభుత్వపు ఔషధ నిబంధనలలోను భంగ విషద్రవ్యముల పట్టికలోనే ఉన్నది. అట్టి మందు సీసాపై వైద్య పర్యవేక్షణలో వాడవలెనన్న హెచ్చరిక ఉండి తీరవలెను. ఇక మొక్క పూతకొనలు, అనగా గంజాయి, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. ఏజెన్సీ కొండలనుండి దొంగదారిన దిగే సరుకును ఔషధమనడం వైద్యానికే అవమానం.

విదేశాల సంగతి. అమెరికాలో వృత్తి బాస్కెట్‌బాల్ సంఘం 2023లో గంజాయిని తన పరీక్షల పట్టికనుండి తొలగించినది. ఫుట్‌బాల్ సంఘం 2020లో నిబంధనలు సడలించినది. అవి యజమానులు, ఆటగాళ్లు తమలో తాము చేసికొన్న ఒప్పందాలు. మన పిల్లలు వెళ్లే కామన్వెల్త్, ఆసియా, ఒలింపిక్ పోటీలకు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నియమాలు వర్తిస్తాయి. పోటీ ముందురాత్రి 11 గంటల 59 నిమిషాలనుండి గంజాయి నిషిద్ధం. మూత్రంలో దాని అవశేషం మిల్లీలీటరుకు 150 నానోగ్రాములు దాటరాదు. "ముందే మానేస్తాము గదా" అనరాదు. దాని సారం కొవ్వులో, మన భాషలో మేదోధాతువులో, నిలుస్తుంది. అలవాటుగా వాడినవారిలో వారాల తరబడి మూత్రంలో కనబడవచ్చును. 2021లో అమెరికా పరుగుల రాణి షకారీ రిచర్డ్‌సన్ ఇందువల్లనే నెలరోజుల నిషేధానికి గురియై టోక్యో ఒలింపిక్స్‌కు దూరమైనది.

మూత్రపరీక్ష పతకాలను ఎట్లు మార్చునో నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడవారికి నేను చెప్పనక్కరలేదు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో కాంస్యం పొందినది. స్వర్ణం గెలిచిన నైజీరియా బాలిక మూత్రంలో నిషిద్ధమైన మందులు, మూత్రమును జారీచేయునవి, కనబడినవి. ఆమె పతకం పోగా సంతోషి కాంస్యం రజతమైనది. ఆనాడు పరీక్ష మనకు కలిసివచ్చినది. ఇంట్లోని లేహ్యపు సీసావల్ల మన బిడ్డ పతకమే పోతే?

విజయ ఒక్కటే కాదు. వాతనొప్పులకు వాడే విషతిందుకాది మాత్రలలో ముష్టిగింజ ఉంటుంది. దాని సత్తువైన స్ట్రిక్నిన్ కూడ పోటీవేళ నిషిద్ధమే. ఈ సంగతి చాలామంది వైద్యులకే తెలియదు.

నొప్పి మాట కూడ చూడవలెను. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2021లో, తగిన ఆధారాలు లేనందున నొప్పికి గంజాయి వాడకాన్ని సమర్థించజాలమన్నది. నా అనుభవం ఇంకొకటి చెబుతుంది. బరువెత్తేవానికి నొప్పి కావలివాడు. మత్తుతో వానిని నిద్రపుచ్చితే చిరిగిన స్నాయువుపైననే మరునాడు మళ్లీ బరువు పడుతుంది.

అప్పుడే తగిలిన దెబ్బకు రెండు రోజులు మర్దన, కాపడం చేయరాదు. చల్లని గుడ్డ, విశ్రాంతి చాలును. పాతబడిన పట్టుకు మహానారాయణ తైలం గోరువెచ్చగా రాసి, వావిలాకులు మరిగించిన నీటిలో గుడ్డ ముంచి, పిండి కాపవలెను. చర్మం కాలకుండ చూచుకొనవలెను. మోకాలు బిగుసుకుపోయినా, కాలు తిమ్మిరెక్కినా ఆలస్యం చేయక ఎముకల వైద్యునికి చూపించండి.

పోటీలకు వెళ్లే పిల్లలు ఏ మాత్ర, ఏ చూర్ణం మ్రింగినా, ముందు దాని సీసా శిక్షకునికి, వైద్యునికి చూపవలెను. తప్పనిసరి మందైతే వైద్య మినహాయింపునకు ముందుగానే దరఖాస్తు చేసికొనే మార్గమున్నది. సీసాపై ద్రవ్యాల పేర్లు లేకపోతే ఆ మందు కొనవద్దు.