కోరుకొండ బడి - పదేళ్ళ పిల్లవాడు



మిరపకోతల కాలములో ఒక సాయంత్రము వేదాద్రిలో మేము ఒక ఇంట ప్రార్థన ముగించి లేవబోతుండగా ఆ ఇంటి యజమాని అడిగాడు. "అయ్యగారూ, మావాడిని కోరుకొండ మిలిటరీ బడి పరీక్షకు కూర్చోబెట్టమని మాస్టారు అంటున్నారు. మా బోటి కూలివాళ్ళకు అది అందుతుందా?"

తల్లి అడ్డుపడింది. "అందినా నేను పంపను. పదేళ్ళ బిడ్డ. జ్వరమొస్తే దుప్పటి కప్పేదెవరు?"

ఇద్దరి మాటలోను న్యాయమున్నది. అందుచేత మేము వెంటనే జవాబు చెప్పక, ఆ బడి సంగతులు తెలిసికొన్నాము. మీ ఇండ్లలోను ఇదే ప్రశ్న ఉండవచ్చును గనుక ఇక్కడ వ్రాయుచున్నాము.

స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో సైన్యములో అధికారులయ్యేవారు ఎక్కువగా కలిగిన ఇండ్ల పిల్లలు, ఖరీదైన ఇంగ్లీషు బళ్ళలో చదివినవారు. ఈ తేడా పోవాలని 1961లో అప్పటి రక్షణమంత్రి వి.కె. కృష్ణమీనన్ సైనిక పాఠశాలల పథకము తెచ్చారు. సామాన్యుల బిడ్డలను పూనా దగ్గరి ఖడక్‌వాస్లాలోనున్న నేషనల్ డిఫెన్స్ అకాడమీకి సిద్ధపరచుట దాని ఉద్దేశ్యము. మన రాష్ట్రములో విజయనగరం దగ్గర కోరుకొండలో 1962 జనవరి 18న బడి ప్రారంభమైనది. విజయనగరం రాజావారు పి.వి.జి. రాజు గారు తమ కోరుకొండ కోటను, భూమిని దానికి ఇచ్చివేశారు. రాజులు నివసించిన కోటలో రైతుబిడ్డలు పెట్టెలు దించుకొన్నారు! 2014లో రాయలసీమలోని కలికిరిలో మరొక సైనిక పాఠశాల వచ్చినది. దాదాపు అరువది సంవత్సరములు మగపిల్లలకే పరిమితమైన కోరుకొండలో 2021 నుండి ఆడపిల్లలను కూడా చేర్చుకొనుచున్నారు.

ఈ బడి ఫలమును చూడగోరిన యెడల మనము దూరము పోనక్కరలేదు. జగ్గయ్యపేట నుండి హైదరాబాదు రోడ్డున కోదాడ దాటితే సూర్యాపేట. ఆ ఊరివాడైన కల్నల్ సంతోష్‌బాబు ఆరవ తరగతిలో కోరుకొండలో చేరారు. బీహార్ రెజిమెంటు 16వ బెటాలియనుకు అధిపతియై, 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో ప్రాణమిచ్చారు. ఆ పోరాటములో మన సైనికులు 20 మంది మరణించారు. 2021లో ఆయనకు మహావీరచక్ర ప్రకటించారు. ఆ బడికి బిడ్డను పంపే తల్లి ఈ సంగతి కూడా ఎరిగి పంపవలెను. అయితే అక్కడ చదివిన వారందరు సైన్యములోనికే పోవాలను నిర్బంధము లేదు. వైద్యులు, ఇంజనీర్లు అయినవారు కూడా ఉన్నారు.

ఆరవ తరగతికి వయస్సు 10 నుండి 12 సంవత్సరముల మధ్య ఉండాలి. ప్రవేశపరీక్ష తెలుగులో వ్రాయవచ్చును. మొత్తము 300 మార్కులలో లెక్కలకే 150. తరువాత వైద్యపరీక్ష ఉంటుంది. తొమ్మిదవ తరగతిలో కూడా చేర్చుకొంటారు గాని ఆ పరీక్ష తెలుగులో ఉండదు. ఎస్సీలకు, ఎస్టీలకు, బీసీలకు రిజర్వేషను కలదు. బడిలో చదువు ఇంగ్లీషులోనే. ఫీజు కూలి ఇంటికి బరువే. ఆదాయమును బట్టి దొరికే స్కాలర్‌షిప్పు సంగతి అప్పు చేయకముందే విచారించుకోండి.

మేము తిరిగి వెళ్ళి ఇదంతా చెప్పాము. తల్లికి హన్నాను జ్ఞాపకము చేశాము. ఆమె బిడ్డను అప్పగించి మరచిపోలేదు; ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసికొని వెళ్ళినది. కోరుకొండకు కూడా బెజవాడలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరవచ్చును. అయినా బలవంతము చేయలేదు. "ముందు పిల్లవాడిని అడిగారా?" అన్నాము. ఇద్దరూ మొగములు చూచుకొన్నారు. ఎవరూ అడగలేదట!

గుమ్మములో నిలబడిన వాడు మెల్లగా అన్నాడు: "నాకు వెళ్ళాలని ఉంది అయ్యగారూ. కాని భిన్నాలు రావు."

తల్లి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "పరీక్ష రాయనీయండి. తరువాత సంగతి తరువాత" అన్నది.

ఇప్పుడు సాయంత్రములు మందిరములో లైటు వేసి వాడికి, మరి ముగ్గురికి లెక్కలు చెప్పిస్తున్నాము. సీటు రావచ్చు, రాకపోవచ్చు. భిన్నాలు మాత్రము వచ్చి తీరతాయి. మీ సంఘములో చదువుకొన్న యౌవనస్థులుంటే మీరును ఒక దీపము వెలిగించండి.