వేడి లేని శృంగారం.. జనం భగ్గుమన్న ‘క్రాష్’

కారు యాక్సిడెంట్లలో కోరిక వెతుక్కునే మనుషుల కథ. ఒక్క లైన్‌లో ఇలా చెబితే ఎవరికైనా చిరాకేస్తుంది. కెనడా దర్శకుడు డేవిడ్ క్రోనెన్‌బర్గ్ 1996లో తీసిన ‘క్రాష్’ సినిమా ఇది. బ్రిటిష్ రచయిత జె.జి. బల్లార్డ్ 1973లో రాసిన నవల ఆధారం.

కేన్స్ చిత్రోత్సవంలో దీనికి జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది, సాహసానికి మెచ్చి. అయితే జ్యూరీలోనే కొందరు ఆ నిర్ణయానికి దూరంగా ఉన్నారు. బ్రిటన్‌లో గొడవ ఇంకా ముదిరింది. బ్యాన్ చేయాల్సిందేనని ‘డెయిలీ మెయిల్’ పత్రిక ఉద్యమమే నడిపింది. సెన్సార్ వాళ్లు సైకాలజిస్టును, లాయరును, వికలాంగ ప్రేక్షకులను కూడా అడిగి చూసి, 1997లో ఒక్క కట్ కూడా లేకుండా పెద్దల సర్టిఫికెట్ ఇచ్చారు. అయినా లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ తన పరిధిలో ఆడనివ్వలేదు. అంటే, ఆ హద్దు దాటి పక్క ప్రాంతానికి వెళ్తే చూడొచ్చన్నమాట!

ఇంతకీ అందులో ఏముంది? బెడ్‌రూమ్ సీన్లు బోలెడు. వేడి మాత్రం ఎక్కడా లేదు. జేమ్స్ స్పేడర్, డెబొరా ఉంగర్ భార్యాభర్తలు. పరాయివాళ్లతో గడిపిన సంగతులు ఒకరికొకరు నిద్రలో ఉన్నట్టు గుసగుసగా చెప్పుకుంటారు. కోపం లేదు, ఏడుపు లేదు. హోవార్డ్ షోర్ ఎలక్ట్రిక్ గిటార్లయితే రేకు మీద మేకుతో గీసినట్టుంటాయి. వీళ్లు చేసేది తప్పని గానీ, పాపం అని గానీ సినిమా ఒక్క మాట అనదు. నా లెక్కలో జనానికి మండింది బూతు వల్ల కాదు, ఈ మౌనం వల్లే. తిట్టినవాళ్లూ ‘చల్లగా ఉంది’ అన్నారు, మెచ్చుకున్నవాళ్లూ అదే అన్నారు.

నాకు బాగా పట్టేసిన సీన్ ఒకటుంది. 1955లో నటుడు జేమ్స్ డీన్ చనిపోయిన ప్రమాదాన్ని వాన్ అనే పాత్ర (ఎలియాస్ కొటియాస్) రాత్రిపూట రోడ్డు మీద, జనం ముందు, సీటు బెల్టుల్లేకుండా మళ్లీ చేసి చూపిస్తాడు. చూస్తున్నవాళ్ల కళ్లల్లో భయం లేదు, ఆకలి ఉంది. యాక్సిడెంట్ జరిగితే ముందు ఫోన్ తీసి వీడియో ఆన్ చేసే మనకు ఆ కళ్లు కొత్తేం కాదు. తర్వాత భాగంలో మాత్రం జంటలు మారడమే కథైపోతుంది. నిజం చెప్పాలంటే అక్కడ కాస్త బోర్ కొట్టింది.

నిడివి వంద నిమిషాలే. ‘హాట్’ అని వెతుక్కుని ఓపెన్ చేసేవాళ్లు పావుగంటలో కట్టేస్తారు. పద్దెనిమిది దాటినవాళ్లు చూడాలనుకుంటే హాల్లో టీవీలో మాత్రం పెట్టకండి. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. అమ్మానాన్నల కోసమే కాదు, ఆ గుసగుసలు వినపడాలి కదా!