ముత్యాల గర్భం: భయం వద్దు, పరీక్ష మానొద్దు!

క్యాన్సర్ అన్న మాట కనపడగానే "అమ్మో, మనకెందుకొచ్చిన గొడవ" అనుకుంటూ పేజీ తిప్పేసి వంటల శీర్షికలోకి వెళ్ళిపోకండి. ఈ సంగతి మొదలయ్యేదే వంటింట్లో. అదీ మీరు రోజూ కోసే ఆకుకూర దగ్గర!

ముందు అసలు విషయానికొద్దాం. పెళ్ళయిన కొన్నాళ్ళకి అమ్మాయి నెల తప్పుతుంది. ఇంటిల్లిపాదీ సంబరపడతారు. వేవిళ్ళు మరీ ఎక్కువగా ఉంటే "మొదటి కాన్పు కదా" అని సర్దిచెబుతారు. రెండో నెలలోనో మూడో నెలలోనో కాస్త బ్లీడింగ్ కనపడితే అమలాపురం తీసుకెళ్ళి చూపిస్తారు. స్కానింగ్ చేసిన డాక్టరమ్మ, "ఇందులో బిడ్డ లేదమ్మా, ఇది ముత్యాల గర్భం" అంటుంది.

ఉడికిన సగ్గుబియ్యం చూశారు కదా, గర్భసంచి నిండా అలాంటి నీటి బుడగలుంటాయన్నమాట. బిడ్డకి ఆహారం అందించాల్సిన మాయే అదుపు తప్పి అలా పెరిగిపోతుంది. దీన్ని సక్షన్ పద్ధతిలో తీసేస్తారు. ఒకట్రెండు రోజుల్లో అమ్మాయి ఇంటికొస్తుంది. "పోనీలే, గండం గడిచింది" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. గండం గడిచిందో లేదో మన కళ్ళకి తెలీదు. రక్తపరీక్ష ఒక్కటే చెప్పగలదు.

తప్పెవరిది?

ఆ పరీక్ష సంగతి చెప్పేముందు ఒక మాట. ఇలాంటిది జరిగితే చుట్టుపక్కలవాళ్ళు ఊరుకోరు. గ్రహణం వేళ బయటికొచ్చిందనీ, బొప్పాయి తిన్నదనీ, ఎవరి దిష్టో తగిలిందనీ తలా ఒక మాటా అంటారు. పాపం, ఆ అమ్మాయి తనలో తనే కుమిలిపోతుంది.

1977లో కాజీ, ఒహామా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ బుడగల కణాల్ని పరీక్షించి అసలు గుట్టు బయటపెట్టారు. మన శరీరంలో ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములుంటాయి. సగం తల్లివి, సగం తండ్రివి. పూర్తి ముత్యాల గర్భంలో తల్లి వాటా ఉండనే ఉండదు. అండంలో ఉండాల్సిన 23 క్రోమోజోములు ఎలాగో జారిపోతాయి. ఎక్కువమందిలో తండ్రి నుంచి వచ్చిన 23 మాత్రమే రెట్టింపై 46 అవుతాయి. అప్పుడు బిడ్డ ఏర్పడదు, మాయ మాత్రం విపరీతంగా పెరుగుతుంది.

"అయితే తప్పు మగాడిదన్నమాట!" అనకండి. తప్పు ఆయనదీ కాదు. ఫలదీకరణ జరిగే ఆ ఒక్క క్షణంలో కణం చేసిన పొరపాటది. మరీ చిన్న వయసులోనూ, నలభై దాటాకా వచ్చిన గర్భాల్లో ఇది కొంచెం ఎక్కువ. తిన్న తిండికీ, చూసిన గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు. తరవాతి గర్భం కూడా ఇలాగే అవుతుందేమోనన్న బెంగా అక్కర్లేదు. నూటికి ఒకరిద్దరికే మళ్ళీ వస్తుంది.

కలుపు తీశాక కూడా...

మన కోనసీమలో చేను లేని ఇల్లు ఉండొచ్చేమో గానీ, చేలో తుంగ చూడనివాళ్ళుండరు. పైకి కనిపించిందంతా పీకేసి గట్టెక్కుతాం. నేలలో గడ్డ మిగిలిపోతే పదిరోజుల్లో మళ్ళీ తలెత్తుతుంది.

ముత్యాల గర్భమూ అంతే. పూర్తి ముత్యాల గర్భం వచ్చిన నూరుమందిలో సుమారు 15 మందికి, శుభ్రం చేశాక కూడా కొన్ని కణాలు మిగిలిపోయి మళ్ళీ పెరుగుతాయి. వాళ్ళలో కొద్దిమందికి అది కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌గా మారి రక్తంలో కలిసి ఊపిరితిత్తులకి పాకుతుంది.

అయితే ఈ కణాలు తమ ఉనికి దాచుకోలేవు. మాయ కణాలు హెచ్‌సీజీ అనే హార్మోను తయారుచేస్తాయి. మందుల షాపులో కొని ఇంట్లో చేసుకునే ప్రెగ్నెన్సీ టెస్టులో గీత వచ్చేది దీనివల్లే. స్కానింగ్‌కి అందనంత తక్కువ కణాలున్నా రక్తంలో ఈ హార్మోను కనపడుతుంది. అందుకే డాక్టర్లు మొదట వారం వారం, ఆ తరవాత నెలనెలా హెచ్‌సీజీ పరీక్ష చేయించమంటారు. అంకె తగ్గుతూ పోయి మామూలు స్థాయికొచ్చి అక్కడే నిలిచిపోతే చాలు, నిశ్చింత. తగ్గకుండా ఆగినా, మళ్ళీ పెరిగినా మందు మొదలుపెడతారు.

ఈ పరీక్షలు పూర్తయ్యేదాకా మళ్ళీ గర్భం వద్దంటారు. కారణం తెలిసిందే కదా? మామూలు గర్భంలోనూ హెచ్‌సీజీ పెరుగుతుంది. అంకె పెరిగింది బిడ్డ వల్లో, జబ్బు వల్లో తేల్చుకోవటం కష్టమైపోతుంది.

ఆకులోంచి వచ్చిన మందు

మరి ఆ మందేమిటి? దాని పేరు మెథోట్రెక్సేట్. దాని వెనక ఒక తెలుగువాడున్నాడు సుమండీ! సఖినేటిపల్లి రేవులో వశిష్ఠ దాటి నరసాపురం మీదుగా వెళితే వచ్చే భీమవరంలో, 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరుకి కోపమొచ్చింది. ఎం.బి.బి.ఎస్.కి బదులు చిన్న డిగ్రీతో సరిపెట్టుకోవాల్సొచ్చింది. అన్న, తమ్ముడు ఇద్దరూ స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అనపర్తిలోని మామగారి సాయంతో 1922లో అమెరికా వెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు.

ఇప్పుడు వంటింటి సంగతి. 1928 తరవాత లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, మిల్లుల్లో పనిచేసే గర్భిణీల్లో ఒకరకం రక్తహీనతని పరిశీలించారు. ఈస్టు నుంచి తీసిన ముద్ద పెడితే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో లోకానికి చెప్పారు. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలీదు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని తీశారు. ఆకులో దొరికింది కాబట్టి, లాటిన్‌లో ఆకుకున్న పేరు మీదుగా ఫోలిక్ ఆసిడ్ అని పిలిచారు. దాన్ని లేబొరేటరీలో తయారుచెయ్యగలిగింది లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి బృందం, 1945లో.

కణం రెండుగా చీలాలంటే ముందు తన క్రోమోజోములకి నకలు రాసుకోవాలి. ఆ రాతకి ఫోలిక్ ఆసిడ్ కావాలి. బిడ్డ ఎదుగుదలకి అది అవసరమయ్యేది అందుకే. క్యాన్సర్ కణానికీ అందుకే అవసరం. దాన్ని అందకుండా చేస్తే?

వరి నారులో ఊద మొక్క ఎలా ఉంటుంది? అచ్చం వరిలాగే. ఆ సుబ్బారావుగారి బృందమే ఫోలిక్ ఆసిడ్‌ని పోలిన నకిలీ పదార్థాల్ని తయారుచేసింది. కణం మోసపోయి నకిలీని పట్టుకుంటుంది. అసలుది వాడుకోలేక చీలటం ఆగి చచ్చిపోతుంది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అనే నకిలీని లుకేమియా వచ్చిన 16 మంది పిల్లలకిస్తే 10 మందికి గుణం కనపడింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పాపం, అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు గుండెజబ్బుతో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కి తోబుట్టువే మన మెథోట్రెక్సేట్.

ఒక డాక్టరు పట్టుదల

1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు కోరియోకార్సినోమా ఊపిరితిత్తులకి పాకిన స్త్రీలకి మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఎక్స్‌రేలో మచ్చలు మాయమయ్యాయి! అందరూ ఆనందించారు. లీగారు మాత్రం మందు ఆపలేదు. హెచ్‌సీజీ ఇంకా కొద్దిగా కనపడుతోంది కదా, పూర్తిగా పోవాలన్నారు. కనిపించని జబ్బుకి విషంలాంటి మందేమిటని పైవాళ్ళు మండిపడ్డారు. చివరికి ఆయన ఆ ఉద్యోగమే వదులుకోవాల్సొచ్చింది. తరవాత తేలిందేమిటంటే, మందు తొందరగా ఆపినవాళ్ళకి జబ్బు తిరగబెట్టింది. హెచ్‌సీజీ పూర్తిగా పోయేదాకా వాడినవాళ్ళు నిలిచారు. 1972లో ఆయనకి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఒకప్పుడు కోరియోకార్సినోమా అంటే ఆశ వదులుకోవటమే. ఈరోజు మాయ కణాల నుంచి వచ్చే ఈ రకం జబ్బులు నూటికి 90 మందికి పైగా నయమవుతున్నాయి. చాలామందికి గర్భసంచి తియ్యాల్సిన పనుండదు. తరవాత పిల్లలూ పుడతారు.

మందుకి లొంగని కొద్దిమంది సంగతేమిటంటారా? కడుపులో బిడ్డ సగం తండ్రి పోలికే కదా, పరాయిదని తల్లి శరీరం దాన్ని తోసెయ్యదేం? మాయ కణాలు తల్లి రక్షణ కణాలకి "నన్ను ముట్టుకోకు" అని చెప్పే ఒక గుర్తు ధరిస్తాయి. క్యాన్సరూ అదే ముసుగు వేసుకుంటుంది. ఆ ముసుగు తొలగించే అవెలుమాబ్ అనే మందుని, మెథోట్రెక్సేట్‌లాంటి మందులు పనిచెయ్యని 15 మంది స్త్రీలకిచ్చి ఫ్రాన్స్ డాక్టర్లు 2020లో ఫలితాలు ప్రకటించారు. 8 మందికి హెచ్‌సీజీ మామూలైంది. వాళ్ళలో ఒకామెకి ఆ తరవాత ఆరోగ్యకరమైన గర్భం వచ్చింది కూడా!

మీకు రాబోయే సందేహాలు

"అయితే ఆకుకూర మానేస్తే క్యాన్సర్ తగ్గుతుందా?" తగ్గదు. మానకండి. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు ఇంట్లో అందరూ తినాలి. ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబొయ్యకండి, ఫోలిక్ ఆసిడ్ ఆ నీళ్ళలోకే దిగుతుంది. గర్భిణీలు డాక్టరిచ్చిన మాత్రలూ మింగాలి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు మాత్రం ఫోలిక్ ఆసిడ్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్నే అడగాలి.

"మా అత్తగారికి కీళ్ళవాతానికి ఇదే పేరున్న మాత్రిచ్చారే?" నిజమే, చిన్న మోతాదులో దానికీ, సోరియాసిస్‌కీ ఇస్తారు. అయితే అది వారానికి ఒక్కరోజే! పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఏ వారమో కాలెండరు మీద గుర్తు పెట్టండి. గర్భిణీలు, గర్భం కోరుకునేవాళ్ళు ఆ మాత్ర జోలికెళ్ళకూడదు.

కత్తిరించి దాచుకోండి

• ముత్యాల గర్భం తీశాక హెచ్‌సీజీ పరీక్ష ఒక్కటి కూడా మానొద్దు. కాగితాలన్నీ ఒకే సంచిలో ఉంచండి.

• డాక్టరు సరేననేదాకా గర్భం రాకుండా జాగ్రత్తపడండి. ఏ పద్ధతి వాడాలో వాళ్ళే చెబుతారు.

• కాన్పయ్యాకో, అబార్షనయ్యాకో బ్లీడింగ్ ఆగకపోయినా, దగ్గితే రక్తం పడినా వెంటనే చూపించండి. అరుదే గానీ ఈ జబ్బు వాటి తరవాతా రావచ్చు.

• తరవాతి గర్భంలో తొలి నెలల్లోనే స్కానింగ్ చేయించి, పాత సంగతి డాక్టరుకి చెప్పండి.

• ఖర్చుకి జంకి ఆగిపోకండి. ప్రభుత్వ వైద్యపథకం వర్తిస్తుందేమో ఆసుపత్రి కౌంటర్లో అడగండి.

ఎదుర్లంక దగ్గర గౌతమి మీద 2002లో వంతెన వచ్చేదాకా, అటు యానాం మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే పంటు కోసం రేవులో పడిగాపులే. అప్పట్లో నాలుగోసారి పరీక్షకి వెళ్ళలేదంటే అర్థముంది. ఇప్పుడు బస్సెక్కితే గంటల్లో వెళ్ళి రావచ్చు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి అమ్మాయి ఉంటే ఓదార్చటంతో ఆగిపోకండి. వచ్చే పరీక్ష ఏ తారీఖో అడగండి. ఆ రోజు తోడుగా మీరూ బస్సెక్కండి.