వలీమా తర్వాత ఆ నాలుగు రోజులు

"హనీమూనా? అది సినిమావాళ్లకు గానీ మనకెందుకు బేటా?"

2003 డిసెంబరులో మా నికాహ్ అయిన మూడోనాడు దాదీమా అన్న మాట ఇది. నంబులపూలకుంటలో మా ఇంటి వసారాలోనే ఈ పంచాయితీ జరిగింది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. ఆ ఏడు శెనక్కాయ పంట చేతికి రాలేదు. పెళ్లి బాకీలు తీరలేదు. మా మండలంలో కొత్త జంటలు చూసొచ్చేది మహా అయితే గూటిబయలు దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ మాను దాదాపు అయిదెకరాల మేర పరుచుకుని ఉంటుంది. "అంత నీడ ఇంటి దగ్గరే ఉండగా ఊళ్లు తిరగడమెందుకు?" అన్నారు అబ్బా.

కానీ మాకున్న గడువు నెల రోజులే. దుల్హాకు కువైట్ వీసా వచ్చింది. జనవరిలో వెళ్తే మళ్లీ రెండేళ్లకు గానీ రాడు. ఇల్లంతా చుట్టాలు. మేమిద్దరం పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నది లేదు. చివరకు విశాఖపట్నంలో ఉన్న మామూ ఫోన్ చేసి, "టికెట్లు కొనుక్కుని రండి, తిండీ పడకా మా ఇంట్లోనే" అనడంతో పెద్దలు మెత్తబడ్డారు. కదిరి నుంచి బస్సులో తిరుపతికి, అక్కడి నుంచి రైల్లో విశాఖకు చేరాం.

మొదటిరోజు పాత నగరంలో హజ్రత్ ఇస్‌హాఖ్ మదీనా దర్గా ఉన్న కొండెక్కాం. పక్కపక్క కొండలపైనే చర్చి, వేంకటేశ్వరుని గుడి ఉన్నాయి. కింద కాలువలోంచి ఓడలు సముద్రంలోకి పోతున్నాయి. సముద్రాన్ని మేము చూడటం అదే మొదలు.

మర్నాడు మామూ తన పాత స్కూటర్ ఇచ్చారు. ముమానీ రొట్టెలు, ఖీమా డబ్బాలో కట్టారు. విశాఖ నుంచి భీమిలి దాకా ముప్ఫై కిలోమీటర్ల లోపే. దారి పొడవునా కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. రామకృష్ణా బీచ్‌లో ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూశాం. 1969 నుంచి నౌకాదళంలో పనిచేసిన ఆ నౌకను 2002లో మ్యూజియం చేశారు. ఆ ఇరుకు గదుల్లో మనుషులు నెలల తరబడి ఎలా ఉన్నారో అనుకున్నాం. కువైట్‌లో గది కూడా ఇలాగే ఉంటుందని దుల్హా నవ్వాడు. దుల్హన్ నవ్వలేదు.

రుషికొండ దాటి కొంత దూరం వెళ్లాక ఒక చెట్టుకింద ఆగాం. ప్రయాణికులం గనుక జుహర్ నాలుగు రకాత్‌లకు బదులు రెండే చదివి, భోజనం చేశాం. భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు వచ్చాయి. గాలి, వాన వేల ఏళ్లుగా మలచిన ఆ దిబ్బల మధ్య కూర్చున్నప్పుడు దుల్హా అసలు సంగతి బయటపెట్టాడు. వీసాకు వడ్డీకి అప్పు చేశాడు. ఆ మాట మామగారికి తెలియదు.

దుల్హన్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన మెహర్ బంగారం తీసుకోమంది. "అది నీ సొత్తు, నేను ముట్టను" అన్నాడతను. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. ప్రతి నెలా ముందు అప్పు కంతు, తర్వాతే ఇంటి ఖర్చు. ఎంత కష్టమొచ్చినా ఒకరి దగ్గర ఒకరం దాచకూడదు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూశాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత ఊరది. అక్కడ డచ్చివారి సమాధులున్నాయి. వ్యాపారం కోసం సముద్రాలు దాటి వచ్చి, తిరిగి వెళ్లలేకపోయిన వాళ్లవి. అక్కడ మాత్రం దుల్హన్ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నువ్వు మాత్రం తిరిగి రావాలి" అంది.

రెండేళ్లనుకున్నది మూడేళ్లయింది. అప్పు తీరింది. అతను తిరిగి వచ్చాడు. ఆ మూడేళ్లలో కష్టమొచ్చిన ప్రతిసారీ మమ్మల్ని నిలబెట్టింది ఆ దిబ్బల మధ్య ఇచ్చుకున్న మాటే.

ఇప్పుడు మా అమ్మాయికి నికాహ్ కుదిరింది. అబ్బాయిది పరదేశంలో కొలువు, సెలవు ఇరవై రోజులే. దావత్‌లో రెండు రకాలు తగ్గించి, ఆ డబ్బు పిల్లల ప్రయాణానికి పక్కన పెట్టాం. అబ్బాయి నానీ "మనకెందుకమ్మా ఇవన్నీ?" అన్నారు. మా దాదీమా గుర్తొచ్చింది. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాం. "అయితే ఎన్ని రోజులకు పంపుతున్నారు?" అని అడిగారామె.