దామెర్ల రామారావుగారి బాల్యము, బొంబాయి విద్య

పలకమీద లెక్కలకు బదులు బొమ్మలు గీయు పిల్లవానిని చూచి, "వీనికి చదువు అంటదు" అని తలిదండ్రులు నిరాశపడుట మన చాళ్లలో తరచుగా చూచుచున్నాము. అట్టివారు చిత్రకారులు దామెర్ల రామారావుగారి తొలి జీవితమును తెలిసికొనుట మేలని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రామారావుగారు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన, కోస్తా సీమలో గోదావరి యొడ్డునగల రాజమహేంద్రవరమున జన్మించిరి. ఆ కాలమున అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు ప్రిన్సిపాలుగా నుండిరి. వారు స్వయముగా చిత్రకారులు. ఈ బాలుని గీతలలోని ప్రతిభను గుర్తించి చేరదీసిరి. అడివి బాపిరాజుగారు కూడ వారి శిష్యులే.

కూల్డ్రే దొరగారి ప్రోత్సాహముననే రామారావుగారు 1916లో బొంబాయి వచ్చి సర్ జె.జె. కళా విద్యాలయమున చేరిరి. 1857లో స్థాపితమైన ఆ విద్యాలయము మన కామాటిపురకు సుమారు అరగంట నడక దూరముననే కలదు. అచ్చట మనుష్యుని ఎదుట నిలుపుకొని అవయవముల కొలతలు తప్పక గీయుటయు, వెలుగునీడలను చూపుటయు నేర్పెడివారు. రామారావుగారు ఈ పాశ్చాత్య శిక్షణను శ్రద్ధగా అభ్యసించిరి. అజంతా, ఎల్లోరా గుహలను దర్శించి మన ప్రాచీన శిల్పుల రేఖాసౌందర్యమును గ్రహించిరి. ఈ రెంటి కలయికయే వారి చిత్రములకు క్రొత్తదనము నొసగెను. ఋష్యశృంగుని కథపై వారు గీసిన చిత్రమునకు 1922లో కలకత్తా ప్రదర్శనమున వైస్రాయి బహుమానము లభించెను.

విద్య ముగించిన పిదప వారు స్వస్థలమునకు మరలి, యువకులకు చిత్రకళను నేర్పిరి. వారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును కుంచె పట్టిరి. 1925 ఫిబ్రవరిలో మశూచికము వారిని బలిగొన్నది. అప్పటికి వారికి ఇరువదియెనిమిది ఏండ్లయినను నిండలేదు. రాజమహేంద్రవరమున వారి పేరిట చిత్రశాల నేటికిని కలదు.

చిత్రలేఖనము ప్రతి బిడ్డకును కూడు పెట్టునని మేము చెప్పజాలము. కాని గుర్తించి దారి చూపు పెద్దలు లేనిచో ప్రతిభ యుండియు మరుగున పడును. కామాఠీ పనివారివలననే మన పేటకు ఆ పేరు వచ్చినది. కట్టడపు పనికి కొలతయు గీతయు ఎంత ముఖ్యమో మన కుటుంబములకు వేరుగ చెప్పనక్కరలేదు. మహారాష్ట్ర ప్రభుత్వ కళాశాఖ విద్యార్థులకు ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగు పరీక్షలు జరుపుచున్నది. మీ బిడ్డకు, బాలుడైనను బాలికయైనను, ఆసక్తి యున్నచో ఉపాధ్యాయులతో మాటలాడుడు. బిడ్డ గీసిన కాగితమును చింపివేయక, ఒక్కసారి శ్రద్ధగా చూడవలసినదిగా కోరుచున్నాము.