వస్తుంది, వస్తుందట, వస్తుందేమో!

ప్రతి ఏడూ ఈ సంచికలో పండుగల గురించి, పద్యాల గురించి చదువుతుంటాం. ఈసారి వీడియో గేమ్ మీద వ్యాసమేమిటని పెద్దలు కోప్పడకండి. వారంలో అయిదు రోజులు సాఫ్ట్‌వేర్ రాస్తూ, ఆదివారం మన బడిలో తెలుగు చెప్పే నాకు, ఈ రెండింటినీ కలిపే పాఠం ఒకటి మా తరగతి కుర్రాడి వల్ల దొరికింది. అది పిల్లలకే కాదు, మనకూ పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పదకొండేళ్ల ఆ కుర్రాడు తరగతిలోకి వస్తూనే, "అంకుల్, సిల్క్‌సాంగ్ ఏప్రిల్ 2న వస్తుంది!" అని ప్రకటించాడు. తరగతిలో సగం మంది కేకలు పెట్టారు. వాడి మాట నమ్మి ఇద్దరు పిల్లలు పుట్టినరోజు డబ్బులు ఖర్చు పెట్టకుండా దాచుకున్నారు. ఏప్రిల్ 2 వచ్చింది, ఆట రాలేదు. ఆ ఆదివారం తోటిపిల్లలు వాణ్ణి "అబద్ధాలకోరు" అన్నారు. ఇంత మంచి తెలుగు మాట నేర్చుకున్నందుకు సంతోషించాలో, దాన్ని వాడిన చోటుకు బాధపడాలో నాకు తెలియలేదు. వాడు ఆ రోజంతా నోరు విప్పలేదు. ఇక బడికి రానంటున్నాడని మరునాడు వాళ్లమ్మగారు ఫోన్ చేశారు.

అసలు ఈ ఆట సంగతేమిటో తెలియని పెద్దల కోసం కొంచెం చెబుతాను. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం ఉంది. ఆరీ గిబ్సన్, విలియం పెల్లెన్ అనే ఇద్దరు దానికి మూలస్తంభాలు. 2014లో వాళ్లు ఇంటర్నెట్‌లో చందాలు అడిగి, 57 వేల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా పోగుచేసి, 2017లో హాలో నైట్ అనే ఆట విడుదల చేశారు. పురుగుల రాజ్యంలో మేకునే కత్తిగా పట్టుకుని తిరిగే చిన్న వీరుడి కథ అది. ఆ ఆటలో హార్నెట్ అనే ఎర్ర అంగీ వీరనారి కూడా ఉంది. ఆమెతో కూడా ఆడుకునే భాగం ఒకటి అదనంగా చేసిస్తామని చందాదారులకు మాట ఇచ్చారు. ఆ భాగం పెరిగి పెరిగి వేరే ఆటే అయిపోయింది. 2019 ఫిబ్రవరి 14న దానికి సిల్క్‌సాంగ్ అని పేరు ప్రకటించారు. మన భాషలో పట్టుపాట అనుకోవచ్చు. సూది, పట్టుదారం ఆ వీరనారి ఆయుధాలు మరి.

అక్కడినుంచి ఎదురుచూపులు మొదలయ్యాయి. 2022 జూన్‌లో ఎక్స్‌బాక్స్ వాళ్ల ప్రదర్శనలో, రాబోయే పన్నెండు నెలల్లో ఆడుకోగలిగే ఆటల్లో ఇదీ ఒకటన్నారు. 2023 మేలో, అనుకున్నదానికంటే ఆట పెద్దదైందని, ఇంకా సమయం పడుతుందని టీమ్ చెర్రీ తరఫున చెప్పారు. ఆ తరవాత చాలాకాలం పెద్దగా కబురు లేదు. కబురు లేనిచోట పుకారు పుడుతుంది కదా! 2025 జనవరిలో తయారీదారుల్లో ఒకరు సోషల్ మీడియాలో తన ఫొటో బదులు కేకు బొమ్మ పెట్టారు. అంతే, ఆ కేకు వెనక రహస్య సందేశం ఉందని అభిమానులు పరిశోధన మొదలెట్టారు. కేకు దగ్గర బయలుదేరి ఏప్రిల్ 2 దాకా వెళ్లారు. అందులో సందేశమేమీ లేదని బృందం ప్రచారం చూసే వ్యక్తి చెప్పినా ఆగలేదు. ఏప్రిల్ 2న నింటెండో కార్యక్రమంలో కనిపించింది కొన్ని క్షణాల దృశ్యం, 2025 అనే అంకె. అంతే.

మా కుర్రాడు ఆ కేకు కథనే నమ్మాడు. వాడు అబద్ధం చెప్పలేదు, విన్నదే చెప్పాడు. అయితే ఒక అక్షరం వదిలేశాడు. ఆ అక్షరం "ట".

మన ఇళ్లలో ఎవరైనా కబురు చెబితే ఎలా చెబుతారో గమనించండి. "వాళ్లమ్మాయికి పెళ్లి కుదిరిందట." "రేపు మంచు పడుతుందట." నేను చూడలేదు, విన్నాను అని ఆ ఒక్క అక్షరంతో చెప్పేస్తాం. కొందరి ఇళ్లలో "అంట" అంటారు, పని ఒకటే. మన పిల్లలు ముందు ఇంగ్లీషులో అనుకుని తరవాత తెలుగులోకి మార్చుకుంటారు కాబట్టి ఈ "ట" జారిపోతుంది.

కుర్రాణ్ణి బతిమాలి రప్పించాక, ఆ వారం పాఠం పక్కన పెట్టి బోర్డు మీద మూడు మాటలు రాశాను. వస్తుంది: తెలిసిన సంగతి. వస్తుందట: విన్న సంగతి. వస్తుందేమో: ఆధారాన్ని బట్టి మన ఊహ. సిల్క్‌సాంగ్ గురించి తెలిసినవన్నీ చెప్పి, ఏది దేని కింద రాయాలో పిల్లల్నే అడిగాను. కేకు కబురు అందరూ "ట" కింద రాయించారు. 2022 జూన్ మాట దగ్గర గొడవైంది. పెద్ద వేదిక మీద చెప్పారు కాబట్టి "వస్తుంది" అన్నారు కొందరు. రాలేదుగా అన్నారు మరికొందరు. అప్పుడు మా కుర్రాడే మెల్లగా, "వస్తుందన్నారు, అని రాయొచ్చా అంకుల్?" అన్నాడు. నాలుగో వరుస అలా వచ్చింది. ఎవరు అన్నారో, ఎప్పుడన్నారో పక్కన రాసుకోవడానికి కొంచెం చోటు కూడా వదిలాం.

తరవాత మెల్‌బోర్న్‌లోని ఏసీఎంఐ అనే మ్యూజియం, సెప్టెంబరు 18న మొదలయ్యే ప్రదర్శనలో సిల్క్‌సాంగ్ ఆడుకోవచ్చని ప్రకటించింది. అయితే ఆట ఆలోగానే విడుదలవుతుందేమో అన్నారు పిల్లలు. ఇది కేకు లాంటిది కాదు, ఆధారం ఉన్న ఊహ. అయినా ఊహే.

వాళ్లు వేసిన ప్రశ్న ఒకటుంది: "చేసేవాళ్లకే తేదీ ఎందుకు తెలియదు అంకుల్?" ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మన పెద్దలు సాఫ్ట్‌వేర్ చూడలేదు గానీ, చూసుంటే దాన్నీ కలిపేవారు. ఇలాంటి ఆటలో కథానాయిక ఎంత ఎత్తు ఎగురుతుందో కొంచెం మార్చారనుకోండి. ఆమె ఎక్కాల్సిన గట్లన్నీ, దాటాల్సిన గోతులన్నీ మళ్లీ ఆడి చూడాలి. కంప్యూటర్ మీద నడిచింది చేతిలో పట్టుకునే ఆటపెట్టె మీద నడవకపోవచ్చు. పైగా మంచి ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకొకటి చేరుద్దామనిపిస్తుంది. ఇబ్బందులేమీ రాలేదని, పని సరదాగా ఉండి చేరుస్తూ పోయామని గిబ్సన్, పెల్లెన్ 2025 ఆగస్టులో చెప్పారు. ఎదురుచూపు ఫలిస్తుందన్న హామీ కూడా లేదు. 1997లో ప్రకటించిన డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ 2011లో వచ్చి చాలామందిని నిరాశపరిచింది.

2025 ఆగస్టు 21న, బడికి సెలవుల్లో ఉండగా, మా కుర్రాడు ఫోన్ చేశాడు. "అంకుల్, సెప్టెంబరు 4న వస్తుంది. ట లేదు!" ఎవరు చెప్పారన్నాను. "చేసేవాళ్లే." సరిగ్గా ఆ రోజే, 20 డాలర్ల ధరకు వచ్చింది. కొనేవాళ్ల తాకిడికి ఆన్‌లైన్ దుకాణాలు కాసేపు మొరాయించాయి. డబ్బులు దాచుకున్న ఇద్దరూ కొనుక్కున్నారు. వాణ్ణి అబద్ధాలకోరన్న పిల్లలే ఇప్పుడు వాడి పక్కన కూర్చుని ఆడుతున్నారు.

పాఠం అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ నెలలోనే ఓ రాత్రి అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే, పక్కింటావిడ వచ్చి, "సంక్రాంతికి మీ అబ్బాయి వస్తున్నాడా?" అని అడగడం వినిపించింది. అమ్మ, "వస్తాడట" అంది.

మూడేళ్లుగా ప్రతి సంక్రాంతికీ "వస్తానమ్మా" అంటూనే ఉన్నాను. ప్రతిసారీ ఆఫీసులో ఏదో ఒక విడుదల అడ్డొచ్చింది. మొదటి ఏడాది అమ్మ "వస్తున్నాడు" అనే చెప్పుకుని ఉంటుంది. నా మాట "ట" లోకి ఎప్పుడు జారిందో నేను గమనించనేలేదు. ఆ రాత్రే టికెట్ కొని, అప్పుడు మళ్లీ ఫోన్ చేశాను.

తల్లిదండ్రులకు నాదో చిన్న మనవి. పిల్లలు కొత్త ఆట కబురు తెస్తే విసుక్కోకుండా, "వస్తుందా, వస్తుందటా?" అని అడగండి. వాట్సాప్‌లో మనకు వచ్చే కబుర్లను ఇంకొకరికి పంపేముందు మనమూ అదే అడుగుదాం. "ట" తగిలించడం ఎలాగో పిల్లలకు మన బడిలో నేర్పుతాం. దాన్ని మన మాటకు ఎవరూ తగిలించకుండా చూసుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.